ఆళ్లగడ్డ దాకా ఎడమ పక్కన

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కారులో గంట పడుతుంది, అదీ మధ్యలో ఎవరైనా పలకరిస్తే. మేము ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు బయలుదేరి మధ్యాహ్నం రెండింటికి కూడా చేరలేదు. వీలైనంత ఆలస్యంగా చేరాలనే బయలుదేరాం కాబట్టి ప్రయాణం అనుకున్నట్టే జరిగిందని చెప్పాలి.

మా ఆయన ముప్పై రెండేళ్ళు బస్సు తోలాడు. నంద్యాల, తిరుపతి రూటు. రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. నేను ఫ్రిజ్ కొందామన్నాను. ఆ కారు వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో కొన్నాళ్ళు కారాలూ మిరియాలే. ఇప్పుడా కారును ఆళ్లగడ్డలో రాతి విగ్రహాల షెడ్డు నడిపే ఒకాయనకు అమ్మేశాం. అప్పగించడానికి పోతున్నాం.

అమ్మడానికి కారణం కంటి డాక్టరు. నీటికాసులట, అదే గ్లకోమా. సూటిగా చూస్తే అన్నీ కనపడతాయి, ఎడమ పక్క మాత్రం మసక కూడా కాదు, ఖాళీ. "ఇక బండి నడపకండి" అని డాక్టరు మా ఇద్దరి ముందే చెప్పాడు. కారులో నేను కూర్చునేది ఎడమ పక్కే. ఆయన కంటికి నేను ఆనడం లేదని పెళ్ళయినప్పటి నుంచి సతాయిస్తూనే ఉన్నాను. ఇన్నాళ్ళకు ఒక డాక్టరు దాన్ని కాగితం మీద రాసిచ్చాడు.

కొన్న మనిషి మంచివాడు. తనే నంద్యాలకు వచ్చి బండి తీసుకుపోతానన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు.

"నా బండిని నేనే తోలుకపోయి ఇస్తా. ఇంగొకడు వచ్చి ఇంటి ముందర్నుంచి లాక్కపోతే అది అమ్మినట్టుండదు, జప్తు చేసినట్టుంటది."

"డాక్టరు ఏం చెప్పినాడు?"

"తోలొద్దన్యాడు. మెల్లగా తోలొద్దన్యాడా?"

నేను హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసిన మనిషిని. తప్పులకు ఎర్ర సున్నాలు చుట్టడమే నా ఉద్యోగం. ఇది తప్పని నాకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాను, ఎందుకంటే డాక్టరు చెప్పాక ఆ పది రోజులూ ఆయన వరండాలో కూర్చుని కారు తాళంచెవితో చెవిలో గులిమి తీసుకుంటూ, నాతో ఒక్క మాట కూడా పోట్లాడలేదు. పోట్లాడని మా ఆయనతో బతకడం నాకు రాదు. షరతులు పెట్టాను: పగలే పోవాలి, నలభై దాటకూడదు, ఎడమ పక్క ఏమొచ్చినా నేను చెప్తాను, నేను చెప్పింది వినాలి. చివరి షరతు మా కాపురంలో అంతకుముందు ఎప్పుడూ అమలు కాలేదు.

ప్రార్థన చేసుకుని బయలుదేరాం. ఊరు దాటేలోపే నా గొంతు అలిసిపోయింది.

"ఎడమ పక్క ఆటో. ఎడమ పక్క ఇంకో ఆటో. ఎడమ పక్క ముసలాయన, నిలబడే ఉన్నాడు. ఎడమ పక్క బేతంచెర్ల బండల లారీ."

"లారీ ఏం చేస్తాంది?"

"ఏం చేయట్లేదు, టైరు మారుస్తున్నారు."

"ఏమీ చేయకుంటే నాకెందుకు చెప్తావ్?"

"కోప్పడకు మరి. ఎడమ పక్క ఏమున్నా చెప్తానన్నాను గదా."

హైవే ఎక్కాక ఎడమ పక్క నల్లమల మొదలైంది. దూరంగా, ఎండకు వెలిసిపోయిన నీలిరంగు చీర ఆరేసినట్టు. "ఎడమ పక్క నల్లమల" అన్నాను, చెప్పకపోతే ఆయనకు అది లేనట్టేనని. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, "అది అడ్డం రాదులే" అన్నాడు.

మొదట అయ్యలూరు మెట్ట దగ్గర ఒక రేకుల హోటలు ముందు ఆగాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు బాగా నాని మెత్తగా ఉన్నాయి, పైన పుట్నాల పొడి చల్లారు. నేను ఒక బజ్జి కొరికి, కారం తగ్గడానికి నీళ్ళు తాగి, మళ్ళీ కొరికేలోపు బయట హారన్ మోగింది. తలెత్తి చూస్తే ఎదురు కుర్చీ ఖాళీ. ఆయన ఎప్పుడో తినేసి పోయి స్టీరింగు ముందు కూర్చుని, బస్సెడు జనాన్ని పిలిచినట్టు నన్నొక్కదాన్ని పిలుస్తున్నాడు.

"టైమైతాంది, రా!"

"ఏ టైమప్పా?" అని లోపలి నుంచే అడిగాను.

హోటలు వాళ్ళందరూ ఆయన జవాబు కోసం చూశారు. ఆయన గడియారం చూసుకున్నాడు, రోడ్డు చూశాడు, కారు దిగి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "అవును గదా" అని ఒక టీ చెప్పాడు. తీరిక అనే దాన్ని ఎట్లా వాడాలో ఇద్దరికీ తెలియదు. ఆయనకు స్టాపులు తెలుసు, నాకు ఫుల్‌స్టాపులు తెలుసు. ఊరికే ఆగడం మాత్రం మాకెవరూ నేర్పలేదు.

అక్కడి నుంచి టీ కోసం ఒక చోట, ఆ టీ బాగలేదని ఇంకో చోట, దాహమేస్తోందని చెరుకు రసం బండి దగ్గర ఇంకో చోట. ఆగిన ప్రతిసారీ ఆయన టైర్లను కాలితో తన్ని చూసేవాడు. రేపటి నుంచి తన్నడానికి ఏముంటుందా అని నాకు దిగులుగా ఉండేది. నేను పక్కన లేనా అని జోకు వేద్దామనుకుని, నిజమైపోతుందేమోనని మానుకున్నాను.

పన్నెండున్నరకు శిరివెళ్ల మెట్ట దాటాం. అక్కడ ఒక భోజన హోటలుంది. ఆయన బస్సు మధ్యాహ్నం ట్రిప్పులో ఆగేది అక్కడే. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పప్పు, పెరుగు. హైవే వెడల్పయినప్పుడు పాత భవనం పోయి కొత్తది లేచింది కానీ, నడిపేది ఆ ఇంటి వాళ్ళే. మలుపు తిరుగుతూ ఆయన హారన్ రెండుసార్లు గట్టిగా కొట్టాడు. బస్సు వస్తోందని వంటవాళ్ళకు తెలిసేలా అప్పట్లో అట్లా కొట్టేవాడట. లోపలి నుంచి ఇద్దరు సర్వర్లు పరుగున వచ్చి, బస్సు కోసం వెతికి, మా కారును చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని పోయారు.

ఇక్కడ ఒక ఆనవాయితీ గురించి చెప్పాలి. రోడ్డు పక్క భోజన హోటళ్ళలో బస్సు డ్రైవరూ కండక్టరూ జనంతో కలిసి తినరు. వంటింటి వెనకాల పరదా కట్టిన గది ఒకటుంటుంది. అందులో ఫ్యాను, నులక మంచం, రెండు కుర్చీలు. బయట లేని వేపుడు లోపల ఉంటుంది. బస్సును అక్కడ ఆపినందుకు మర్యాద అది. బిల్లుండదు. పిల్లలు చిన్నప్పుడు నేను ఆయన బస్సులోనే తిరుపతికి పోయినా, ఈ హోటలు దగ్గర పిల్లలతో పాటు బయట బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం తినేదాన్ని. ఆయన లోపలికి పోయేవాడు. డ్యూటీలో ఉన్నాడు గదా అనుకునేదాన్ని. ఆ గది లోపల ఎట్లా ఉంటుందో ఇప్పుడు రాసింది కూడా ఆయన చెప్పగా విన్నదే.

ఆ రోజు ఫ్యాను కింద మంచి టేబులు దొరికింది. రెండు భోజనాలు చెప్పాను. సంగటి ముద్దలు వచ్చాయి, పులుసు పొగలు కక్కుతోంది. ఆయన చేతులు కడుక్కుని వస్తానని లేచాడు. నేను కళ్ళు మూసుకుని ఆహారం కోసం ప్రార్థన చేసుకున్నాను. ఆయన గురించి కూడా నాలుగు మాటలు ఎక్కువ చేర్చాను. కళ్ళు తెరిచి చూస్తే ఆయన ఇంకా రాలేదు.

కాసేపు చూశాను. చేతులు కడుక్కునే చోట ఎవరూ లేరు. బయట కారు ఉంది. సంగటి మీద పొర కట్టింది.

"ఈ రెండో విస్తరి ఎవురికిమ్మా?" అని సర్వరు అడిగాడు.

"మా ఆయనకు."

"యాడుండాడు?"

అది నేను కూడా తెలుసుకోవాలనుకుంటున్న విషయమే. ఒంటిగా తినబుద్ధి కాక, తినకుండా ఉండబుద్ధి కాక, సంగటిలో గుంట చేసి పులుసు పోసుకుని వేలితో కలుపుతూ కూర్చున్నాను. పావు గంట పైనే అయింది. అప్పుడు వంటింటి వెనకాల పరదా తొలగింది. ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చాడు, ఒక పూట పని ముగించిన మనిషిలాగా తృప్తిగా. నన్ను చూశాడు. టేబులు మీద రెండో విస్తరి చూశాడు. నడక ఆగిపోయింది.

ఆయన వెనకే హోటలు ఓనరు వచ్చాడు. "అన్నా, నువ్వు పెండ్లాన్ని పిల్చకచ్చినావని చెప్పనే లేదు! వదినా, ఈ మనిషి వచ్చి మంచం మీద కూర్చున్యాడు, మావోళ్ళు అలవాటు కొద్దీ ప్లేటు పెట్టేసినారు. నేనూ బస్సు యాడా అనలేదు, ఆయనా చెప్పలేదు."

"బస్సు తేలేదప్పా, సంసారం తెచ్చినా" అన్నాడు ఆయన, నవ్వించబోయి.

ఓనరు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, "కాళ్ళు పోయినాయే లోపలికి. నేను పోలేదు" అన్నాడు. ఆ తర్వాత రెండో విస్తరి ముందుకు లాక్కుని, షుగరున్న మనిషి, నిండిన కడుపు మీద ఇంకో ముద్ద సంగటి తినడం మొదలుపెట్టాడు. అది క్షమాపణ అని నాకు అర్థమైంది. అయినా క్షమించలేదు. అలిసిపోయాను. పొద్దుటి నుంచి ఎడమ ఎడమ అని అరిచి గొంతు బొంగురుపోయింది. ఆయన ఆఖరి ప్రయాణం చెడగొట్టకూడదని మొహం నవ్వుతూ పెట్టుకుని బుగ్గలు కూడా నొప్పి పెడుతున్నాయి. ఇదంతా చేస్తే మనిషి చేయి కడుక్కుని పరదా వెనక్కు పోయాడు. అప్పట్లో డ్యూటీ అనుకున్నాను. ఇప్పుడు డ్యూటీ కూడా లేదే.

కారెక్కి తలుపు వేసుకుని మాట్లాడకుండా కూర్చున్నాను.

ఆళ్లగడ్డ ఇంకో ఆరేడు కిలోమీటర్లుందనగా ఆయన నా వైపు రెండుసార్లు మొహం మొత్తం తిప్పి చూశాడు. అట్లా తిప్పితే తప్ప నేను కనపడను. "ఎడమ పక్క ఏమన్నా ఉందా?" అని అడిగాడు. "లేదు" అన్నాను. నిజంగానే లేదు. ఇంకో నిమిషానికి వచ్చింది.

పొలాల్లోంచి వచ్చే మట్టి దారి హైవేలో కలిసే చోట ఒక మోటారు సైకిలు వచ్చింది. మొగుడు నడుపుతున్నాడు, వెనకాల పెళ్ళాం, ఇద్దరి మధ్య పచ్చగడ్డి మోపు. నేను చూశాను. ఇది దాచుకోదలచుకోలేదు. నాకు స్పష్టంగా కనపడింది, మాట నోటి దాకా వచ్చింది. అలక దాన్ని పట్టుకుని ఒక్క రెప్పపాటు ఆపింది. ఎప్పుడూ నేనే చెప్పాలా అనుకున్నాను. అంతే. ఆ తర్వాత "ఆపు!" అని అరిచిన అరుపు నాదేనా అని ఇప్పటికీ అనుమానం.

బ్రేకు పడింది. నా తల ముందుకు పోయి ఆగింది. ముప్పై రెండేళ్ళ పాదం అది, మాట వినగానే నొక్కింది. మోటారు సైకిలు కారు ముందు నుంచి జారి, రోడ్డు అంచు దాటి మట్టిలో ఒరిగింది. గడ్డి మోపు ఎగిరిపడింది. ఆ ఇద్దరూ లేచారు. ఆమె మోచేయి గీసుకుంది, అంతకన్నా ఏమీ కాలేదు.

ఆ మనిషి వచ్చి కారు బానెట్ మీద చేత్తో గట్టిగా కొట్టాడు. "ఏందప్పా పెద్దాయనా! కండ్లు యాడ పెట్టుకున్యావ్? మనుషుల్లెక్క కనపడ్తాల్యామా?"

సర్వీసులో ఉన్నప్పుడు రోడ్డు మీద ఒక మాట అంటే నాలుగు అనేవాడు మా ఆయన. ఆ రోజు దిగాడు. పోయి మోటారు సైకిలు లేపబోయాడు. అది లేవకపోతే గడ్డి మోపు ఎత్తి తెచ్చి దాని పక్కన పెట్టాడు. అప్పుడన్నాడు.

"ఎడమ పక్క నాకు కనపడదప్పా. డాక్టరు తోలొద్దన్యాడు. తప్పు నాదే."

డాక్టరు చెప్పింది ఆయన ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి. మా పిల్లలకు కూడా నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ మనిషి కోపం యాడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, పక్కనే కూర్చుండావు గదా. నువ్వన్నా చెప్పల్ల గదా!"

ఆ మనిషి పెళ్ళాం అతన్ని చెయ్యి పట్టి లాగి, "పా, పోదాం పా, ముసిలోళ్ళు" అంది. వాళ్ళు పోయారు. తరగతిలో నేను ఎందరినో బెంచీ ఎక్కించాను. ఎక్కినవాళ్ళకు ఎట్లా ఉంటుందో ఆ హైవే పక్కన తెలిసింది.

ఆయన కారును మెల్లగా రోడ్డు దింపి, దగ్గర్లో ఒక బజ్జీల బండి ఉన్న చెట్టు నీడలో పెట్టి, ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఈడికి చాలు."

"ఇంకా ఐదారు కిలోమీటర్లే" అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినపడింది. "నేను చెప్తాను గదా. ఇప్పుడు అన్నీ చెప్తాను. నేను చూసినాను. చూసి కూడా చెప్పలేదు. నా వల్లనే..."

"తెల్సు."

"తెలుసా?"

"నువ్వు సూడకుండా యాడుంటావు? పొద్దున్నుంచి నిలబెట్టిన లారీ గూడా ఇడ్సలేదు." ఆయన సీటుకు తల ఆనించాడు. ఆయన మొహం అంత అలిసిపోయి ఉండడం రాత్రి డ్యూటీలు చేసిన రోజుల్లో కూడా నేను చూడలేదు. "అందుకే చాలంటాండా. సంసారమన్నాక అలగల్ల. నేను ఎదవ పని చేస్తే నువ్వు మూతి ముడుచుకోవల్ల. నువ్వు అలిగితే రోడ్డు మీద ఎవురో ఒకరు సస్తారంటే, అట్లాంటి బండి నాకొద్దు."

తెలుగు టీచర్లు మాటల కోసం వెతుక్కోవాల్సిన సమయాలు నిజంగా ఉంటాయి, పిల్లలు నమ్మరు గానీ.

ఆళ్లగడ్డ మనిషికి నేనే ఫోన్ చేశాను. గంటలో బామ్మర్దిని తీసుకుని మోటారు సైకిల్ మీద వస్తానన్నాడు. అంతసేపు బజ్జీల బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. బండి నడిపే ఆమె, "ఏమ్ కావల్లమ్మా?" అంటే, నాకు ఏమీ వద్దని ఆయనా, ఆయనకు ఏమీ వద్దని నేనూ ఒకేసారి చెప్పాం. "అట్లయితే కుర్చీలు ఊరికే ఇయ్యను" అందామె. ఒక ప్లేటు బజ్జీలు తీసుకున్నాం. అన్నీ నేనే తిన్నాను. శిరివెళ్ల దగ్గర నేను తిననే లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఒక్కో బజ్జీని మధ్యకు చీల్చి చల్లారబెట్టి నా వైపు జరుపుతూ పోయాడు. ఆ పని ఆయన అంతకు ముందు ఎన్నడూ చేయలేదు. చేతులకు పని లేక చేశాడని నాకు తెలుసు. అయినా తిన్నాను.

కొన్న మనిషి వచ్చాడు, బట్టల మీద రాతి పొడితో, పనిలోంచి లేచి వచ్చినట్టు. మా ఆయన అతనికి కారు మొత్తం చూపించాడు. రెండో గేరు చలికాలం మొండికేస్తుందని, వెనక తలుపు గట్టిగా వేయాలని, వైపర్ ఒకటి సగం దాకానే తుడుస్తుందని. ఆ మనిషి తొందరలో ఉన్నా అన్నిటికీ తల ఊపాడు. చివరికి, "బాగా చూసుకుంటాలే నాయనా" అన్నాడు. నాయనా అన్న మాటకు మా ఆయన ఏదో చెప్పబోయి మరిచిపోయాడు. కారు హైవే ఎక్కి, వేగం పట్టి పోయింది. కొత్త చేతుల్లో అది మా దగ్గరకన్నా చక్కగా నడిచినట్టు అనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

బామ్మర్ది మోటారు సైకిలు కూడా పోయాక మేమిద్దరమే మిగిలాం. రోడ్డు దాటి నంద్యాల వైపు నిలబడ్డాం. దాటేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, లేదా నేను పట్టుకున్నాను. కడప నుంచి వచ్చే బస్సు చెయ్యెత్తితే ఆగింది. కుర్ర డ్రైవరు, మా ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆయన కూడా చెప్పుకోలేదు. ముందు సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన వెనక్కు, మధ్య వరుస దాకా నడిచి, కిటికీ పక్కన కూర్చున్నాడు. టికెట్లు నేను తీసుకున్నాను.

శిరివెళ్ల కూడా రాకముందే ఆయన నిద్రపోయాడు. బస్సు కదులుతుంటే ఆయన నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, వేరే డ్రైవరు తోలుతుంటే కూడా కుడికాలు బిగబట్టి రోడ్డు వైపే చూస్తూ, లేని బ్రేకు తొక్కుతూ కూర్చునే మనిషి. ఇప్పుడు నోరు తెరుచుకుంది, గురక. గతుకు వచ్చినప్పుడల్లా తల కిటికీకి కొట్టుకుంటుంటే, నా వైపు లాగి భుజం మీద పెట్టుకున్నాను. బరువైన తల. అంత బరువు అందులో ఏముందో నాకెప్పుడూ తెలియలేదు. నా చెయ్యి తిమ్మిరెక్కింది.

పక్క వరుసలో సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒకామె మమ్మల్ని జాలిగా చూస్తూ ఉంది. కాసేపటికి ఉండబట్టలేక అడిగింది.

"ఏమ్మా, మీ ఆయనకు బస్సు అలవాటు ల్యాదా?"

"లేదమ్మా" అన్నాను. "ఈ పొద్దే మొదలు."